గ్రీజు కంటే ముందు నీళ్ల దారి: ఒక జెడ్4 మడత రూఫ్ కేస్ స్టడీ

కారు 2006 మోడల్ బీఎండబ్ల్యూ జెడ్4 3.0ఎస్‌ఐ. ఈ85 అని పిలిచే తరం. 2002 నుంచి 2008 దాకా అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం స్పార్టన్‌బర్గ్ ఫ్యాక్టరీలో తయారైంది. రెండు సీట్లు, గుడ్డ రూఫ్. బటన్ నొక్కితే హైడ్రాలిక్ పంపు ఆ రూఫ్‌ని మడిచి సీట్ల వెనక గుంటలో పెట్టేస్తుంది. మడిచాక రూఫ్ ముందు భాగమే పైన మూతలా కూర్చుంటుంది కాబట్టి దీనికి విడిగా కవర్ ఉండదు. అన్నీ సవ్యంగా ఉన్న కారులో రూఫ్ తెరుచుకోవడానికి పట్టేది 10 సెకన్లు.

మా గ్యారేజీకి వచ్చిన కారులో అంతకు రెట్టింపు కంటే ఎక్కువ పడుతోంది. ఓనరు గుంటూరు వైపు అబ్బాయి, నార్త్ కరోలినా రాష్ట్రం షార్లెట్‌లో ఐటీ ఉద్యోగం. ఈ కారుని సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాడు. మూడు ఫిర్యాదులు చెప్పాడు. రూఫ్ బాగా స్లో అయింది, మధ్యలో మూలుగుతోంది. రోడ్డు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే చాలు, తలపైన ముందు అంచులో కిర్రుమంటోంది. వాన పడిన మర్నాడు డ్రైవర్ సీటు వెనక కార్పెట్ తడిగా ఉంటోంది.

"అన్నా, ఈ మధ్యే వేరే షాపులో రూఫ్ మొత్తం గ్రీజు కొట్టించాను. డబ్బులు కూడా బాగానే తీసుకున్నారు. ముందుకంటే ఇప్పుడే ఎక్కువ కిర్రుమంటోంది, ఎందుకు?" అని అడిగాడు.

ఈ కేసు రాయడానికి ఆ ప్రశ్నే కారణం. రూఫ్ కదలడం లేదంటే గ్రీజు కావాలి అని చాలామంది అనుకుంటారు. ఓపెన్ కార్లు కొన్న మనవాళ్లు అడిగే మొదటి మాట కూడా "ఏ స్ప్రే కొట్టాలి?" అనే. ఏ భాగానికి ఏది పడుతుందో, దేనికి అసలేమీ రాయకూడదో తెలియకుండా డబ్బా చేతిలోకి తీసుకుంటే బాగున్న భాగాలు కూడా పాడవుతాయి. దానికంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. రూఫ్ మీద పడిన నీళ్లు ఎటు పోతున్నాయి?

మొదటి తనిఖీ

ముందు బ్యాటరీ. హైడ్రాలిక్ పంపు మోటారు చాలా కరెంటు తాగుతుంది. బ్యాటరీ బలహీనంగా ఉంటే రూఫ్ నీరసంగా కదలడం, సగంలో ఆగిపోవడం మామూలే. ఈ కారులో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. ఇంజిన్ ఆపి కొలిస్తే 12.6 వోల్టులు చూపించింది, అంటే ఫుల్ ఛార్జి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి రూఫ్ నడిపినా వేగం మారలేదు. కాబట్టి బ్యాటరీ మీద అనుమానం లేదు. ఎవరి కారులోనైనా రూఫ్ స్లో అయితే ఈ పరీక్ష ముందు చేయండి. అయిదు నిమిషాల పని, ఖర్చు లేదు.

తర్వాత రూఫ్‌ని సగం ఎత్తి ఆపి, ఫ్రేము కింద చెక్క దుంగ పెట్టి, ఫ్యూజు తీసేశాం. సగంలో ఉన్న రూఫ్‌ని పంపు ప్రెషర్ ఒక్కటే పట్టి ఉంచుతుంది. ఆ ప్రెషర్ పోతే ఫ్రేము ఒక్కసారిగా కిందికి పడుతుంది, వేళ్లు మధ్యలో ఉంటే నుజ్జవుతాయి. ఎంత తొందర ఉన్నా ఆసరా పెట్టకుండా, కరెంటు తీయకుండా చేయి లోపల పెట్టవద్దు. ఇంట్లో చేసుకునేవాళ్లకి మరీ మరీ చెబుతున్నాను.

టార్చి వేసి సీట్ల వెనక రెండు మూలలూ చూశాం. రూఫ్ గుడ్డ మీద పడిన వాన అంచుల వెంబడి కాలువలా పారి ఈ మూలలకే చేరుతుంది. అక్కడ చెరొక డ్రెయిన్, దాని కింద రబ్బరు గొట్టం. నీళ్లు ఆ గొట్టంలోంచి కారు కిందికి పోవాలి. కుడి మూలలో కొంచెం చెత్త ఉంది, దారి తెరిచే ఉంది. ఎడమ మూలలో డ్రెయిన్ కనిపించలేదు. పైన్ చెట్టు సూదుల్లాంటి ఆకులు ఒకదాని మీద ఒకటి పేరుకుని, వాటి మధ్యలో పసుపు రంగు పుప్పొడి తడిసి బురదై గట్టిపడింది. దాని మీద నీళ్లు నిలిచి ఉన్నాయి.

షార్లెట్‌లో ఉన్నవాళ్లకి ఈ పుప్పొడి గురించి చెప్పక్కర్లేదు. మార్చి చివర్లో, ఏప్రిల్‌లో పైన్ చెట్లు పూస్తే కార్లు, వరండాలు, కిటికీ అంచులు అన్నీ పసుపు పూసినట్టు అయిపోతాయి. ఈ అబ్బాయి ఉండే అపార్ట్‌మెంట్‌లో కారు నిలిపే చోటు సరిగ్గా రెండు లోబ్లాలీ పైన్ చెట్ల కింద ఉంది. వసంతంలో పుప్పొడి, శరదృతువులో సూదులు, వేసవి సాయంత్రాల్లో ఉరుములతో కుండపోత వాన. డ్రెయిన్ పూడిపోవడానికి ఇవి చాలు. హైదరాబాద్‌లో వేప చెట్టు కింద ఆపిన సాఫ్ట్‌టాప్ థార్ అంచుల్లో చేరే చెత్తనీ ఇదే కన్నుతో చూడాలి, అక్కడ పంపు లేకపోయినా తుప్పు ఉంటుంది.

ఎడమ మూల ఎందుకంత ముఖ్యమంటే, ఈ85లో రూఫ్ పంపు, దాని మోటారు ఉండేది ఆ గుంట అడుగునే. అమెరికా కారులో అది డ్రైవర్ వైపు. శబ్దం బయటికి రాకుండా చుట్టూ ఫోమ్ ఉంటుంది. డ్రెయిన్ పూడితే నీళ్లు నేరుగా మోటారు చుట్టూ చేరతాయి, ఫోమ్ వాటిని పీల్చుకుని రోజుల తరబడి తడిగానే ఉంచుతుంది. ఈ తరం జెడ్4 మీద పనిచేసేవాళ్లు రూఫ్ స్లో అనగానే ముందు ఇక్కడే చూస్తారు. కార్పెట్ తడి, రూఫ్ మూలుగు, రెండూ ఒకే చోట మొదలయ్యాయి. ఆ చోటికి గ్రీజుతో ఏ సంబంధమూ లేదు.

పంపు బయటికి వచ్చాక

నిలిచిన నీళ్లని వెట్ వ్యాక్యూమ్‌తో లాగేశాం. చెత్తని చేత్తో, పొడవాటి పట్టకారుతో తీశాం. గొట్టం శుభ్రం చేయడానికి గడ్డి కోసే ట్రిమ్మర్‌లో వాడే నైలాన్ తీగ మంచిది. వంగుతుంది, గొట్టాన్ని చీల్చదు. ఇనుప తీగ పెట్టవద్దు. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టడం కూడా మంచిది కాదు. లోపల గొట్టం జాయింటు ఊడిపోయిందంటే ఆ తర్వాత నీళ్లు కారు కిందికి కాకుండా బాడీ లోపలికి పోతాయి, అది ఎవరికీ కనిపించదు. తీగ ఆడించి, గోరువెచ్చని నీళ్లు కొంచెం కొంచెం పోస్తూ, కారు కింద ఒక మనిషి కూర్చుని నీళ్లు వస్తున్నాయా అని చూడాలి. పోసినన్ని నీళ్లు ఆగకుండా బయటికి వస్తేనే డ్రెయిన్ బాగున్నట్టు.

పంపు తీయడానికి రూఫ్ మొత్తం ఊడదీయడం ఒక పద్ధతి, లేబర్ ఖర్చు చాలా అవుతుంది. రూఫ్ సగం ఎత్తి, పక్కనుండే లోపలి కవర్లు (ట్రిమ్ములు) విప్పి, సందులోంచి పంపు లాగడం ఇంకో పద్ధతి. ఓపిక ఎక్కువ కావాలి కానీ ఓనరు జేబుకి తేడా చాలా ఉంటుంది. మేము రెండోది చేశాం. మోటారు విప్పితే లోపల కార్బన్ బ్రష్‌ల చుట్టూ తుప్పు పొడి, కింది బేరింగ్‌లో తుప్పు గీతలు. షాఫ్టు చేత్తో తిప్పితే గరగరమంది. ఆ మోటారుని ఆరబెట్టి మళ్లీ పెట్టి ఉంటే కొన్నాళ్లు నడిచేదే, కానీ బేరింగ్ పోయాక చేసిన పనంతా మళ్లీ చేయాలి. పంపు భాగం బాగుంది, మోటారు మాత్రం మార్చాం.

కొత్త మోటారుని పాత చోట పెట్టాలా అన్నది అసలు ప్రశ్న. ఓనరుకి విషయం పూర్తిగా చెప్పాం. చెట్ల కింద పార్కింగ్ మారదు, తను ప్రతి నెలా డ్రెయిన్ చూస్తానన్నా ఏదో ఒక సీజన్‌లో మరిచిపోతాడు. పంపుని డిక్కీలో ఎడమ పక్క ట్రిమ్ వెనక్కి మార్చితే నీళ్లు చేరే అవకాశం లేదు. కరెంటు తీగలు పొడిగించాలి, జాయింట్లు సోల్డరు చేసి నీళ్లు పోని స్లీవ్ వేయాలి, పంపు శబ్దం కొంచెం ఎక్కువ వినిపిస్తుంది. అతను ఒప్పుకున్నాడు. పొడిగించే తీగ మందం అసలు తీగకంటే తక్కువ ఉండకూడదు. సన్న తీగ వేస్తే వోల్టేజీ అక్కడే పడిపోయి, కొత్త మోటారు కూడా పాత మోటారులాగే నీరసంగా తిరుగుతుంది.

ఆయిల్ విషయంలో ఒక్క మాట. రూఫ్ హైడ్రాలిక్స్‌లో కంపెనీ ఆ కారుకి చెప్పిన ఫ్లూయిడ్ మాత్రమే పోయాలి. బ్రేక్ ఆయిల్ పోస్తే రూఫ్‌ని ఎత్తే సిలిండర్ల సీళ్లు పాడైపోతాయి, మరమ్మతు కొన్ని వేల డాలర్లకి చేరుతుంది. ఫ్లూయిడ్ నింపాక రూఫ్‌ని ఆపి ఆపి పలుమార్లు నడిపి లోపలి గాలి బయటికి తెచ్చాం. ఒకదాని తర్వాత ఒకటి ఆపకుండా నడిపితే మోటారు వేడెక్కుతుంది, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి.

పాత గ్రీజు చేసిన పని

ఇప్పుడు కిర్రుమనే శబ్దం. ముందు షాపు వాళ్లు తెల్ల లిథియం గ్రీజు స్ప్రేని బీడింగ్ రబ్బరు (అద్దాల, రూఫ్ అంచుల్లో నీళ్లు ఆపే పట్టీ) మీద, కీళ్ల మీద, సిలిండర్ రాడ్ల మీద, అద్దం జారే దారిలో, అన్నిచోట్లా ఒకేలా కొట్టారు. గుడ్డ లోపలి వైపు కూడా మరకలు పడ్డాయి.

శబ్దం ఎలా వస్తుందో తెలిస్తే మందు ఏదో తెలుస్తుంది. పైన స్టీలు కప్పు లేని కారు కాబట్టి గతుకుల్లో బాడీ కొద్దిగా మెలి తిరుగుతుంది. అప్పుడు రబ్బరు అద్దానికో, ఫ్రేముకో ఒక క్షణం అతుక్కుని మరుక్షణం జారుతుంది. సెకనులో ఎన్నోసార్లు ఇలా పట్టడం, వదలడం జరిగితే మనకి కిర్రుమని వినిపిస్తుంది. అంటే రబ్బరు పైన జారుడుగా ఉండే చాలా పల్చటి పొర ఒకటి కావాలి. మందంగా పూసిన జిడ్డు ఆ పని చేయదు.

బీడింగ్‌లకి వాడే రబ్బరు ఎక్కువగా ఈపీడీఎం రకం. ఎండకి, ఓజోన్‌కి, వానకి బాగా ఆగుతుంది. పెట్రోలియం నూనెకి మాత్రం ఆగదు. నూనె రబ్బరులోకి ఇంకి, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. మామూలు లిథియం గ్రీజులో ఉండేది ఎక్కువగా మినరల్ ఆయిలే. ఈ కారులో డ్రైవర్ వైపు ముందు స్తంభం (విండ్‌షీల్డ్ పక్కనుండేది) మూలలో ఉన్న బీడింగ్ ముక్క నానబెట్టిన శనగలా ఉబ్బి, అంచు అలలు తిరిగింది. అద్దం పైకి వచ్చినప్పుడు సరైన చోట ఆనకుండా ఒరుసుకుంటోంది. గ్రీజు కొట్టించాక శబ్దం ఎందుకు పెరిగిందంటే ఇందుకే. దానికి తోడు జిడ్డు మీద పుప్పొడి, దుమ్ము అంటుకుని నల్లటి ముద్ద తయారైంది. అది కదిలిన ప్రతిసారీ గరుకు కాగితంలా పనిచేస్తుంది.

శుభ్రం చేయడానికే ఎక్కువ సమయం పట్టింది. ముందు పొడి గుడ్డతో జిడ్డు తుడిచేశాం. తర్వాత కార్ షాంపూ కలిపిన గోరువెచ్చని నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో బీడింగ్ మడతలన్నీ కడిగాం. మొండి జిడ్డు ఉన్నచోట మాత్రం నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకి అద్ది తుడిచాం. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ రబ్బరు దగ్గరికి రాకూడదు. ఉబ్బిన మూల ముక్క తిరిగి ఆకారానికి రాదని తేలింది, కొత్తది వేశాం. మిగతావి కడిగి, ఆరనిచ్చాక చాలావరకు మామూలుకి వచ్చాయి.

దేనికి ఏది

రబ్బరు బీడింగ్‌లకి మేము వాడింది క్రైటాక్స్ జీపీఎల్ 205. పీఎఫ్‌పీఈ అనే ఫ్లోరిన్ రకం నూనెకి పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) పొడి కలిపి చేసిన గ్రీజు. రబ్బరులోకి ఇంకదు, ఎండకి ఎండిపోదు, నీళ్లకి కొట్టుకుపోదు. బీఎండబ్ల్యూ, మినీ ఓపెన్ కార్ల మీద పనిచేసేవాళ్లకి ఇది బాగా అలవాటైన మందు. ధర చాలా ఎక్కువ, కానీ చిన్న ట్యూబు ఎన్నో కార్లకి వస్తుంది. అంత పెట్టలేనివాళ్లకి జపాన్ కంపెనీ షిన్-ఎట్సు సిలికాన్ గ్రీజు ఉంది, హోండా తన పేరు మీద బీడింగ్‌ల కోసం అమ్మేది అదే. స్పాంజి మూతతో వచ్చే గుమ్మి ఫ్లెగె అనే రబ్బరు సంరక్షణ ద్రవం కూడా మామూలు సంరక్షణకి సరిపోతుంది, అయితే దాన్ని తరచుగా రాయాలి.

ఏది రాసినా పద్ధతి ఒక్కటే. పూర్తిగా ఆరిన రబ్బరు మీద, వేలి కొసకి అంటీ అంటనట్టు తీసుకుని, రబ్బరు మెరుపు కొద్దిగా మారేంత మాత్రమే రుద్దాలి. తెల్లగా కనిపిస్తే ఎక్కువైనట్టే. రాత్రంతా వదిలి, పొద్దున దూది పోగులు రాని గుడ్డతో మిగులు తుడిచేయాలి. తుడవకపోతే అద్దం మీద జిడ్డు చారలు పడతాయి, రాత్రి ఎదురు లైట్లలో చూపుకి ఇబ్బంది.

ఫ్రేము కీళ్లు, పిన్నులు వేరే సంగతి. ఇవి లోహం, మధ్యలో ప్లాస్టిక్ బుష్‌లు. వీటికి గ్రీజు మందంగా పూస్తే దుమ్ము పడుతుంది. ఆరిపోయి పల్చటి పొర మిగిల్చే పీటీఎఫ్‌ఈ స్ప్రే మంచిది. నేరుగా స్ప్రే చేస్తే గుడ్డకి, లోపలి లైనింగ్‌కి మరక పడుతుంది కాబట్టి చుట్టూ పాత తువ్వాళ్లు కప్పి, సన్న గొట్టంతో కీలు సందులో ఒక్క చుక్కంత వదిలి, చేత్తో ఫ్రేముని ఆడించి, బయటికి వచ్చింది తుడవాలి. ఈ కారులో పంపు ప్రెషర్ లేనప్పుడు ఫ్రేముని చేత్తో కదిపి చూశాం. ఫ్రేములో ఎడమ వైపు మోచేయిలా మడిచే కీలు ఒక్కటే బిగుసుగా ఉంది, అదీ పాత గ్రీజు ముద్ద వల్లే. కడిగాక తేలిగ్గా కదిలింది. ప్రెషర్ లేకుండా చేత్తో కదిపి చూసే ఈ పరీక్ష నాకు చాలా ఇష్టం. లోపం ఫ్రేములో ఉందా, పంపులో ఉందా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది.

ముందు అంచులో విండ్‌షీల్డ్ ఫ్రేముని పట్టుకునే కొక్కేలు ఉంటాయి. ఇనుము ఇనుముని గట్టిగా లాగే చోటు కాబట్టి ఇక్కడ లిథియం గ్రీజుకి న్యాయమైన పని ఉంది. బియ్యపు గింజంత చాలు, పక్కనున్న రబ్బరుకి తగలకూడదు. డోర్ అద్దాలు జారే దారిలో ఆరిపోయే సిలికాన్ స్ప్రే.

హైడ్రాలిక్ సిలిండర్ల మెరిసే రాడ్లకి ఏమీ రాయకూడదు. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. లోపలి ఫ్లూయిడ్ వదిలే సన్నటి పొరే వాటికి సరిపోతుంది. పైన గ్రీజు రాస్తే దానికి అంటిన ఇసుక రేణువు రాడ్‌తో పాటు లోపలికి పోయి సీలు కోస్తుంది, ఆ తర్వాత ఆయిల్ కారడం మొదలవుతుంది. శుభ్రమైన గుడ్డతో తుడిచి వదిలేయండి.

ఇక గుడ్డ. ఇలాంటి రూఫ్ గుడ్డలో మూడు పొరలు: పైన అక్రిలిక్ నేత, మధ్యలో నీళ్లు ఆపే రబ్బరు పొర, కింద లైనింగ్. మధ్య పొరకీ పెట్రోలియం నూనె పడదు, అందుకే గ్రీజు మరకలని ముందే తీయడానికి ప్రయత్నించాం. పుప్పొడిని తడపకముందే మెత్తటి బ్రష్ ఉన్న వ్యాక్యూమ్‌తో లాగేయాలి. తడిపితే నేతలోకి దిగిపోతుంది. తర్వాత గుడ్డ రూఫ్ షాంపూతో నేత దిశలో బ్రష్ చేసి, బాగా కడిగి, పూర్తిగా ఆరాక నీళ్లు జారే ఫ్యాబ్రిక్ గార్డ్ కొట్టాం. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే కుట్లు తెగి నీళ్లు లోపలికి వస్తాయి. వేడి వ్యాక్స్ పోసే ఆటోమేటిక్ వాష్‌లకి గుడ్డ రూఫ్ కారు తీసుకెళ్లకూడదు. తడి రూఫ్‌ని మడిచి పెడితే బూజు పడుతుంది, మడత దగ్గర గుడ్డ రాపిడికి అరుగుతుంది. తప్పక మడవాల్సి వస్తే ఇంటికి రాగానే విప్పి ఆరనివ్వాలి.

ఫలితం

డెలివరీ రోజు రూఫ్ 10 సెకన్ల లెక్కకి వచ్చింది, మూలుగు లేదు. గొట్టంతో నీళ్లు వానలా పోసి చూశాం, కార్పెట్ పొడిగానే ఉంది. ఆ తర్వాత పెద్ద గాలివాన వచ్చినప్పుడు ఓనరే ఫోన్ చేసి లోపల చుక్క లేదని చెప్పాడు. ఎడమ కొక్కెం దగ్గర చిన్న టిక్కు శబ్దం మిగిలింది. మళ్లీ చూస్తే అది గ్రీజు పని కాదు, కొక్కెం ఆనే రబ్బరు దిమ్మె అరిగి కొద్దిగా కిందికి ఉంది. ఎత్తు సరిచేస్తే పోయింది. లైనింగ్ మీద రెండు గ్రీజు మరకలు మాత్రం పూర్తిగా పోలేదు, పల్చబడ్డాయి.

అతనికి రాసిచ్చిన షెడ్యూలు చిన్నదే. పుప్పొడి సీజన్ అయ్యాక ఒకసారి, చలికాలం ముందు ఒకసారి బీడింగ్ కడిగి క్రైటాక్స్. మార్చి నుంచి మే, అక్టోబరు నుంచి డిసెంబరు నెలల్లో ప్రతి నెలా రెండు డ్రెయిన్లలోనూ ఒక కప్పు నీళ్లు పోసి కింద పడుతున్నాయో లేదో చూడటం. వాడినా వాడకపోయినా నెలకొకసారి రూఫ్ పూర్తిగా తెరిచి మూయడం, ఇంజిన్ ఆన్‌లో ఉంచి. గడ్డకట్టే చలిలో రూఫ్ తెరవకపోవడం, ఎందుకంటే రబ్బరు ఫ్రేముకి అతుక్కుని ఉంటే చిరుగుతుంది.

"పంపు డిక్కీలోకి మార్చేశారు కదన్నా, డ్రెయిన్లు ఇంకా చూడాలా?" అని అడిగాడు. చూడాలి. పంపు తప్పించుకుంది కానీ ఆ గుంట పక్కనే బాడీ ఇనుము ఉంది, కార్పెట్ కింద వైరింగ్ ఉంది. కుడి వైపు ముందు స్తంభం బీడింగ్ కూడా కొంచెం మెత్తబడే ఉంది. ఇప్పటికి అద్దానికి సరిగ్గానే ఆనుతోంది కాబట్టి మార్చలేదు. అక్టోబరులో డ్రెయిన్ల కోసం వచ్చినప్పుడు దాని అంచు నిటారుగా ఉందో లేదో చూసి, అలలు తిరిగి ఉంటే అప్పుడు కొత్తది వేస్తామని జాబ్ కార్డు మీద రాసి పెట్టాం.